పేరంటాలి పెట్టె

తమిళుల ఆడి నెలలో ఆఖరి శుక్రవారం. చిన్నమనూరులో మధ్యాహ్నపు ఎండ పెరడంతా తెల్లగా పరచుకొని ఉన్నా, వడ్ల గదిలో మాత్రం ఎప్పటి చీకటే. పాత గోనెల వాసనా కర్పూరపు వాసనా కలిసి గొంతులో గరగరలాడుతున్నాయి. మూలన తాళం వేసిన చెక్కపెట్టె. ఏటా ఈ రోజున అందులో కొత్త చీర పెట్టి, నిరుటి చీర తీయడం ఆ ఇంటి ఆడవాళ్ల మొక్కు. ముత్తైదువగా పోయి పేరంటాలైన వల్లియమ్మకు అది సారె.

తీసిన చీరను ఏ ఇంట్లోనైనా ప్రసాదమని కట్టుకుంటారు. లక్ష్మమ్మాళ్ మాత్రం మడత విప్పనీయకుండా నీళ్లపొయ్యిలో పెట్టేస్తుంది. ఎందుకని కూతురు అభిరామి ఇరవై ఏళ్లుగా అడుగుతూనే ఉంది. ఈ ఏటి నుంచి మొక్కు ఆమెది. ఆమె తర్వాత ఆమె కూతురు, తొమ్మిదేళ్ల సరణ్యది. తనకే తెలియని బరువును బిడ్డ నెత్తికెత్తడం అభిరామికి ఇష్టం లేదు.

“ఎవరమ్మా ఈ వల్లియమ్మ? ఫోటో లేదు, మొగుడి పేరు లేదు!”

“మొగుడి పేరు తెలిస్తే రేషన్ కార్డు రాయిస్తావా? సుమ్మా ఉండు పాపా, ఏమీ అడగొద్దు. మా అమ్మ చేసె, నేను చేస్తిని, నువ్వూ చెయ్యి.”

అభిరామి తల్లి బొడ్లోంచి తాళంచెవి లాక్కొని పెట్టె తెరిచింది. నిరుడు పెట్టిన పచ్చచీర మడత విప్పింది.

చీర కాదు... పావడ.

నడుముకు కుచ్చులు. అంచున సన్నని కుట్టు. తొమ్మిదేళ్ల పిల్ల పొడవు.

“ఏటా ఇట్లానే...” లక్ష్మమ్మాళ్ పావడ లాక్కొని మళ్లీ మడత పెట్టింది. “వల్లియమ్మ మా అక్క. మొండికేస్తోందని మా అమ్మ ఈ గదిలో పెట్టి గడియ వేసి, నాట్లకు పోయె. వడ్ల దుమ్ము పడదు దానికి. తలుపు తట్టె... నాకు ఆరేళ్లు. తీయొద్దనె అమ్మ. తీయలేదు.”

“మరి పేరంటాలని ఏల చెప్తిరి?”

“పిల్ల అంటే ఎట్లా పోయిందని అడుగుతారు. పేరంటాలంటే దండం పెట్టుకొని పోతారు.”

“ఇన్నేళ్లలో ఒక్క పావడ పెట్టలేకపోతిరా అమ్మా!”

“పెడితే... ఒప్పుకున్నట్టే కదా.”

అభిరామి చూపు గది తలుపు గడియ మీదికి పోయింది. పోయిన నెల కోయంబత్తూరులో హోంవర్క్ చేయలేదని సరణ్యను గదిలో పెట్టి, బయట గడియ వేసి, ఆఫీసుకు వెళ్లిపోయింది. దారిలో గుర్తొచ్చి పరుగున వచ్చేసరికి బయటి గడియ తీసి ఉంది, సరణ్య హాల్లో కూర్చుని ఉంది. ఇంట్లో ఇంకెవరూ లేరు. ఆ సంగతి ఆమె భర్తకు కూడా చెప్పలేదు.

“ఏం పాపా, అట్లా అయిపోతివి?”

“ఏం లేదమ్మా.”

ఆ జవాబు తన చెవికే తల్లి గొంతులా వినిపించింది. తల తిప్పుకొని, కొత్త చీర పెట్టబోయి పెట్టెలోకి చూసింది.

అడుగున ఇంకొకటి...

అదే పచ్చగుడ్డ. అదే పొడవు. నిరుడు పెట్టింది ఒక్క చీరే. అప్పటినుంచి తాళం తీసింది లేదు.

రెండో పావడకు నాడాగా నీలం రిబ్బను ఎక్కించి ఉంది. కోయంబత్తూరులో గడియ వేసిన ఆ రోజు నుంచి కనిపించకుండా పోయిన సరణ్య బడి రిబ్బను.