లేవని పిట్టలు

చెరువు నడుమ తెల్లపిట్టా, వాలవే వాలవే
తుంగ చాటు నల్లపిట్టా, లేవవే లేవవే...

మూడో వరుస ఐలవ్వకు యాదికి రాదు. యాభై ఏండ్ల సంది రాలే. చిన్నప్పుడు తనూ, చెల్లె కొమురవ్వా చేతులు పట్టుకొని గిరగిర తిరుగుకుంట పాడేటోళ్లు. మూడో వరుస రాంగనే చేతులిడిచి, ఒకల జాగల ఒకలు నిలవడాలె. ఆట యాదున్నది. మాట పోయింది.

ఆ పొద్దు కారుల కూసొని అదే పాట నోట్లె నములుతున్నది. పుష్యమాసం చలి. కొడుకు కరుణాకర్ దుబాయి నుంచి రెండు నెలల సెలవు మీద వచ్చిండు, వస్తూ ఒక దుర్బీన్ తెచ్చిండు. డ్యాం వెనుక నీళ్లల్ల ఎక్కడెక్కడి పిట్టలో దిగినయట. బిడ్డ జమునకు చూపిస్తనని, తెల్లారకముందే ఇంటిల్లిపాదినీ లేపి హుస్నాబాద్ నుంచి బయలెల్లదీసిండు. జమునకు ఎనిమిదేండ్లు. కోడలు నవనీత సర్వపిండి కాల్చి, ఫ్లాస్కుల చాయ పోసుకున్నది.

ఆ నీళ్ల కింద ఐలవ్వ పుట్టిన ఊరున్నది. డ్యాం కట్టినప్పుడు మునిగింది. ఆ సంగతి కారుల ఎవలూ ఎత్తలే.

నీళ్లు తీసిన జాగంత నల్లటి బురద. బురదల మోకాలెత్తు తుంగ. కుళ్లిన ఆకు వాసన, చేప వాసన, దాని కింద ఇంకేదో పాత వాసన. దూరంగ, తల మీద రెండు నల్లగీతలున్న బాతులు వందల కొద్దీ కూసున్నయి. మంచుకొండల అవతలికెళ్లి వస్తయట.

కరుణాకర్ తల్లి చేతుల నోటుబుక్కు పెట్టిండు. ఏ పిట్ట, ఎన్ని, ఏం చేసినయి, రాయాలె. ఐలవ్వకు అక్షరాలు నేర్పింది జముననే, రెండేండ్ల కింద, వాకిట్ల పలక పెట్టి. అందుకే బాపమ్మ రాస్తుంటె ఆ పిల్లకు పంతులమ్మ లెక్క గర్వం. కానీ ఒక్క తీరు నిలవడదు. నాలుగడుగులు ముందుకేస్తే చాలు, పిట్టలన్నీ బుర్రున లేస్తున్నయి. తండ్రి రెండుమాట్ల కసిరిండు. ఐలవ్వ రాసింది: 'కొంగలు, పన్నెండు, లేచినయి.' 'నీటికోళ్లు, ముప్పై, లేచినయి.' జమున తొంగి చూసి 'ళ్లు' కింద వత్తు సరిచేసింది.

"గీ దుర్బీన్ పిల్లను చూడనొచ్చిన నాడే ఉంటే, నన్ను వద్దనుకునేటోళ్లేమో అత్తమ్మా," అన్నది నవనీత.

"దుర్బీన్ లేకున్నా నువ్వు మంచిగనే కనవడ్డవ్ బిడ్డా. మా వాడే కండ్లు మూసుకున్నడు."

కరుణాకర్ సుత నవ్విండు. ఆ తర్వాత మొగడూ పెండ్లాం చాయ తెచ్చెటందుకు కారు దిక్కు పోయిండ్రు. వాళ్లు అటు పోంగనే నీళ్ల మీదికెళ్లి పొగమంచు లేచింది. తెల్లగ, మెల్లగ, పాలు పొంగినట్టు. దుర్బీన్‌ను వెనుకున్న బండ మీద మరిచిండ్రని ఐలవ్వ అప్పుడు చూసింది. నలభై అడుగులు కూడా లేదు.

"ఈడనే నిలవడు బిడ్డా, కదలకు. నేనొస్త," అన్నది.

వెనుక నుంచి పిల్ల ఏదో అన్నది. పొగమంచుల సగమే వినవడ్డది.

అయిదడుగులేసిందో లేదో, ఐలవ్వ అడుగు ఆగింది. ఈ మాట కొత్తది కాదు. యాభై ఏండ్ల కింద, డ్యాం రాకముందు, ఊరి చెరువు ఒడ్డున, ఇదే మట్టి మీద, ఇదే మాట కొమురవ్వతోని అన్నది. చాపలు అల్లెటందుకు తుంగ కొయ్యనొచ్చి, కొడవలి మరిచిందని ఇంటికి పోయింది. తొవ్వల పిల్లలు ఆడుతుంటె తనూ కలిసింది. తిరిగి వచ్చేసరికి చెల్లె లేదు. ఏడేండ్ల పిల్ల... పీనుగ కూడా దొరకలే. అవ్వా బాపూ ఒక్క మాట అనలే. అప్పటి సంది ఐలవ్వ లోపల ఏదో మొద్దువారింది. మొగడు పోయిన నాడు కూడా కండ్లు తడవలే.

దుర్బీన్ తీసుకొని వెనుకకు మర్రి చూసింది.

పిల్ల లేదు.

బురదల రెండు చిన్న బూట్ల అచ్చులున్నయి. వాటిల్ల నీళ్లు ఊరుతున్నయి.

పిలిచింది. చప్పుడు లేదు. కరుణాకర్ ఉరికొచ్చి మోకాళ్లలోతు బురదల దిగిండు. నవనీతకు అరిచి అరిచి గొంతు పోయింది. అరగంట... ఐలవ్వ ఉన్నచోటనే నిలవడ్డది. ఏడుపు రాలే.

అప్పుడు ఒక్క జాగల పొగమంచు విచ్చింది.

బురద నట్టనడుమ ఆ నల్లగీతల బాతులు కూసున్నయి. వాటి నడిమిట్లకెళ్లి జమున నడిచి వస్తున్నది. మెల్లగ. కాలు తోకకు తాకేంత దగ్గరికెళ్లి.

ఒక్క బాతు తలెత్తలే.

ఒక్కటి కూడా... లేవలే.

నవనీత బిడ్డను చూసి ఉరికింది. ఆమె యాభై అడుగుల దూరంల ఉండంగనే, వందల బాతులు ఒక్కసారే లేచినయి. ఆకాశం మూసుకపోయింది. ఆ రెక్కల కింద పిల్ల తల ఎత్తకుంట నిలవడ్డది.

కారుల నవనీత బిడ్డను కొంగుల చుట్టుకొని, ఏడుసుకుంట తిట్టింది. బూట్లు ఏవని అడిగింది. ఉత్త కాళ్లు. నెత్తి నుంచి పచ్చి తుంగ వాసన. హుస్నాబాద్ దగ్గరికి రాంగ, తల్లి కండ్లు మూసుకున్నంక, పిల్ల ఐలవ్వ చెవి కాడికి వంగింది. సన్నగ పాడింది.

"నీ గూట్లె నేనుంటా, నా గూట్లె నువ్వుండవే..."

అది మూడో వరుస. ఐలవ్వ ఆ పాట ఇంట్ల ఎవలకూ నేర్పలే. ఆ వరుస తనకే లేదు.

"ఎవలు నేర్పిండ్రు బిడ్డా?" అని గుసగుసగ అడిగింది.

"నువ్వే గద అక్కా."

నెల గడిచింది. పిల్ల దొరికింది, ఇగ ఫికర్ లేదని కరుణాకర్ దుబాయికి పోయిండు. బిడ్డకు బుద్ధొచ్చిందని, ఫోను ముట్టదని, పెట్టింది తింటదని నవనీత వాడకట్టుల చెప్పుకుంటున్నది. అక్షరాలు మాత్రం మరిచింది. భయానికి అట్లయితది, మెల్లగ వస్తయి అన్నడు డాక్టరు.

అందుకని ఇప్పుడు ఐలవ్వనే నేర్పుతున్నది. పొద్దూకంగ వాకిట్ల పలక పెట్టి, ఆ చల్లటి చేతి మీద తన చెయ్యేసి 'అ' దిద్దిస్తది. కొమురవ్వ బడి మొఖం చూడలే. పిల్ల కుదురుగ దిద్దుతది, మధ్యల మొఖమెత్తి నవ్వుతది. ఐలవ్వకు ఆ నవ్వు తెలుసు. దిద్దుడయినంక పిల్ల లేచి వాకిలి దాటి లోపలికి పోతది. వాకిట్ల గింజలు ఏరుకునే కోళ్లు పక్కకు జరుగయి. దాని కాళ్ల సందులనే ఏరుకుంటయి.

ఒక్కసారి ఆ నీళ్ల కాడికి తీసుకపొమ్మని ఐలవ్వ నవనీతను అడిగింది. ఇంకోసారి అడిగింది. ఎందుకని కోడలు అడిగింది. దొరికిన పిల్లను వెతుకుదాం పా అని ఎట్లంటది?

ఆడ చలి ఎట్లున్నదో... నీళ్లు ఎంతదాక వచ్చినయో...

పొగమంచుల ఆ దినం సగమే వినవడ్డ మాట, ఇప్పుడు పలక ముందల కూసున్నప్పుడల్లా ఐలవ్వకు మొత్తం వినవస్తది.

"సరే బాపమ్మా. నువ్వొచ్చేదాక ఈడ నుంచి కదల."