బెంగుళూరు సిల్వియా

ఆర్కుట్ ఊపేస్తున్న రోజులవి. స్క్రాప్‌బుక్కులో ఎవరేం రాశారో చూసుకోకపోతే తాడేపల్లిగూడెం ఇంజనీరింగ్ కుర్రాళ్లకి ముద్ద దిగేది కాదు.

జ్యోత్స్నకి చూసుకున్నాకే ముద్ద దిగడం మానేసింది. వాళ్ల నాన్న ఎలీయాజరుకి ఆకివీడులో చేపల వ్యాపారం. పేరూ ఫొటో లేనివాడెవడో "క్లాసులో చేపల కంపు నీదేనా?" అని రాసిపోయాడు. అది చదివి క్లాసంతా నవ్వింది.

అంతే, ఆ పిల్ల క్యారియర్ తేవడం మానేసి సెంటు కొట్టుకోవడం మొదలెట్టింది. కాలేజీ అవగానే నెట్ సెంటర్లో కూర్చుని, ఇంకెవరేం రాశారోనని వెతుక్కునేది. చదువు మానేస్తానని కూడా అంది.

అది విని హర్షవర్ధన్ ప్రాణం విలవిల్లాడింది. ఉండిలో వాళ్లింట్లో కోడిగుడ్డు కూడా ఉడకదు. కాలేజీ బస్సు వెనకసీట్లో ఆమె క్యారియర్లోంచి పెట్టే కొర్రమీను పులుసు అన్నాళ్లూ దొంగచాటుగా తిన్నది మాత్రం ఈ మహానుభావుడే. పైకి చెబుదామంటే బస్సు డ్రైవరు ఏడుకొండలుది హర్ష వాళ్ల వీధే, ఇంట్లో తెలిసిపోతుంది.

అందుకని ఆర్కుట్‌లో బెంగుళూరు సిల్వియా అవతారమెత్తాడు. మీ పులుసు అమృతమండీ, అందులో మామిడికాయ ముక్క మరీనూ అని రాశాడు. జ్యోత్స్న నవ్వింది. అయితే సిల్వియా కోసం నెట్ సెంటర్లో ఇంకాసేపు కూర్చోసాగింది. ఓరోజు కరెంటు పోయి సిల్వియా రాయలేదు. మర్నాడు జ్యోత్స్న కళ్లు వాచిపోయి ఉన్నాయి. హర్షకి భయమేసింది.

వాన పడుతోంది. బస్సు అద్దాలన్నీ మూసేశారు. పక్కన కూర్చుని, "ఆ సిల్వియాని నేనేనండి," అన్నాడు.

"తెలుసండి. మామిడికాయ ముక్క దగ్గరే దొరికిపోయారు."

"తెలిసీ ఏడ్చారా?"

"మీరు రాయలేదనే ఏడ్చాను. సిల్వియా చేత చెప్పించేదేదో మీ నోటితో, అందరిముందూ చెప్పకూడదేంటండీ?"

"రేపు క్యారియర్ తెండి," అన్నాడు హర్ష.

మర్నాడు ముందుసీట్లో, సరిగ్గా డ్రైవరు వెనకాలే కూర్చుని మూత తీశాడు. బస్సంతా వాసన. బస్సులోని క్లాసువాళ్లంతా చూస్తుండగా చేత్తో కలుపుకుని తిన్నాడు. ఏడుకొండలు అద్దంలోంచి నోరు తెరుచుకుని చూశాడు.

"మా ఇంట్లో చెప్పేయండి ఏడుకొండలు గారూ," అన్నాడు హర్ష వేళ్లు నాకుతూ. "పులుసు సంగతీ, ఈ అమ్మాయి సంగతీ కూడా."

ఆ సాయంత్రం నెట్ సెంటర్లో జ్యోత్స్న కుర్చీ ఖాళీగా ఉంది.

ఆర్కుట్ మూతపడి ఏళ్లయింది. ఆ రాసినవాడెవడో ఇప్పటికీ తెలీదు, తెలుసుకోవాలని కూడా లేదు వాళ్లకి. వాళ్లిద్దరి ఇంట్లో పులుసు కాగిన రోజున మాత్రం, మామిడికాయ ముక్క సిల్వియాదంటూ హర్ష ముందే గిన్నె లాక్కుంటాడు.