నూట పదిహేడో మైనపు బిళ్ళ

"ఈ పని నీకు ఇవ్వకూడదనే అనుకున్నాను," అన్నాడు చీఫ్, బల్ల మీద వణుకుతున్న ఏజెంట్ ఎడమ చేతిని చూస్తూ.

"మరి పిలిచిందెందుకు? నా చెయ్యి చూసి జాతకం చెప్పడానికా?"

డిపార్ట్‌మెంట్‌లో ఆ ఏజెంట్‌ని అందరూ 'తూకం' అంటారు. సరుకు చూడకుండా సంచి కొనే రకం కాదు. ముప్పై ఏళ్ళ సర్వీసులో మోసపోయింది రెండేసార్లు. రెండుసార్లూ అవతలివాళ్ళ నవ్వు అందంగా ఉంది.

చీఫ్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. పరిశోధనా కేంద్రంలో ఒక డాక్టరమ్మ, ఆపరేషన్లలో తీసేసిన పేగు ముక్కల్ని ఇరవై ఏళ్ళుగా మైనపు బిళ్ళల్లో దాస్తోంది. ఆ మనుషుల్లో రెండు వందల మందికి తర్వాత పార్కిన్సన్స్ వచ్చింది. జబ్బు మెదడుకి చేరకముందే, ఎన్నో ఏళ్ళ ముందే, పేగుల్లోని నరాల్లో మొదలవుతుందని ఆమె వాదన. ఇవాళ పన్నెండింటికి కమిటీ ముందు ఆ బిళ్ళలు కోస్తారు. ఒక విదేశీ ముఠా ఆరోగ్యవంతుల పేగులతో నకిలీ పెట్టె తయారు చేసింది. పెట్టె మారిందా, డాక్టరమ్మ అబద్ధాలకోరు అవుతుంది. అసలు పెట్టెతో జబ్బుని ముందే పట్టే పరీక్ష ముఠా సొంతమవుతుంది.

"ముఠాలో మన మనిషి ఉంది. కోడ్ నేమ్ ముత్యం." చీఫ్ ఒక పెన్ను ఇచ్చాడు. నొక్కితే మత్తు స్ప్రే. "ఈ మిషన్ అయ్యాక నీ రిటైర్మెంట్ కాగితాల మీద సంతకం పెడుదువుగాని."

"ఆ పెట్టెలో నా అపెండిక్స్ కూడా ఉంది చీఫ్. పన్నెండేళ్ళ కిందటిది, నంబర్ నూట పదిహేడు. మా నాన్నకీ ఈ జబ్బే. ఆయనకీ నాకూ చెయ్యి వణికాకే తెలిసింది. రేపు మా అమ్మాయికి వస్తే ముందే తెలియాలి. సంతకం సంగతి తర్వాత చూద్దాం."

పదకొండింటికి తూకం ల్యాబ్‌లో ఉన్నాడు, మైనపు బిళ్ళలు కోసే బ్లేడ్లమ్మే సేల్స్‌మన్ వేషంలో. ఆర్డర్ రాసుకోవడానికి పెన్ను తీశాడో లేదో డాక్టరమ్మ కసురుకుంది.

"ముందు అది జేబులో పెట్టండి! మా ల్యాబ్‌లోకి పెన్ను రాదు. స్పిరిట్ తగిలితే సిరా కొట్టుకుపోతుంది, పెన్సిల్ గీత చెక్కుచెదరదు. బ్లేడ్లమ్మే మనిషికి ఆమాత్రం తెలీదా?"

"కొత్తగా చేరానమ్మా," అన్నాడు. ఆమె కమిటీ హాలుకి వెళ్ళిపోయింది.

పదకొండూ యాభైకి ఆకుపచ్చ సిల్క్ సూట్‌లో ముత్యం వచ్చింది, చేతిలో పెట్టెతో. ఆమె అత్తరుకి గదిలో ఉన్నవాళ్ళు మతి పోగొట్టుకుంటారట. తూకం ముక్కు వాసన మరిచి అయిదేళ్ళయింది. ఈ జబ్బు అలా ఒక్క మేలు చేసింది.

"కడుపులో చల్ల కదలకుండా ఉన్నారా?" కోడ్ అడిగాడు.

"కదిలింది, అందుకే వచ్చాను." జవాబు సరిపోయింది. "ముఠావాళ్ళు పెట్టె మార్చబోతే తప్పించాను, అసలుది ఇదిగో. నకిలీది ఎర్ర వ్యాన్‌లో పోతోంది. పోనివ్వండి బావగారూ, పీడా పోతుంది!"

నవ్వింది. చాలా అందంగా ఉంది.

తూకం పెట్టె తెరిచాడు. నూట పదిహేడు. బూడిదరంగు అంకెలు, అచ్చం పెన్సిల్‌తో రాసినట్టే. బల్ల మీది స్పిరిట్ సీసా ఒరిగి బిళ్ళల మీద పడింది.

"అయ్యో, చెయ్యి వణుకుతోంది, జాగ్రత్త!" అంది ముత్యం.

"వణికేది ఎడమ చెయ్యి. ఒంపింది కుడిచెయ్యి."

అంకెలు కరిగి బూడిదరంగు నీళ్ళై జారాయి. ముత్యం నవ్వు ఆగింది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ సగం బయటికి వచ్చింది. పెన్ను ముందే నొక్కాడు. ఆమె సిల్క్ సూట్‌తో సహా నేల మీద వాలింది.

కిటికీలోంచి చూస్తే ఎర్ర వ్యాన్ గేటు దగ్గరికి చేరిపోయింది. గోడ మీద గేటు మూసే ఎమర్జెన్సీ బటన్. దగ్గరగా ఉన్నది ఎడమ చెయ్యే. అది వణుకుతూ ఒకటికి మూడుసార్లు నొక్కింది. గేటు దగ్గరి ఇనుప అడ్డుగడ వ్యాన్ బానెట్ మీద దభేల్‌మని దిగింది. అప్పటికి పన్నెండు కావడానికి రెండు నిమిషాలు.

మర్నాడు మైక్రోస్కోప్ కింద నూట పదిహేడో ముక్క. నరాల్లో జబ్బు ఆనవాళ్ళు, గోధుమరంగు ముద్దలు, పన్నెండేళ్ళ నాటివి.

"ఇవి మీవా?" డాక్టరమ్మ గొంతు తగ్గింది.

"నా కడుపులో దొంగ పన్నెండేళ్ళు దాక్కున్నాడమ్మా. ఇక మా అమ్మాయి దగ్గర వాడి ఆటలు సాగవు."

సాయంత్రం చీఫ్ రిటైర్మెంట్ కాగితాలు ముందుకు తోసి పెన్ను అందించాడు. తూకం చెయ్యి వణుకుతుండగానే తాపీగా సంతకం పెట్టాడు.

"పెన్నుతోనే పెట్టాను చీఫ్. ఇక కాస్త స్పిరిట్ తెప్పించండి."