మిద్దె మీద కూడిక

ఉతికిన బట్టల బకెట్‌తో మిద్దె మెట్లెక్కిన రెజీనా చివరి మెట్టు మీదే ఆగిపోయింది. బట్టలారేసే తీగ లేదు. తీగ కట్టే కొక్కేలకు చిన్న చిన్న బల్బుల దండ వేలాడుతోంది. నిన్నటిదాకా సిమెంటు నేల ఉన్నచోట ఆకుపచ్చ ప్లాస్టిక్ గడ్డి పరిచి ఉంది. దాని మీద ఆరు ఎత్తు స్టూళ్లు. వడియాలు ఎండబెట్టిన పాత చీర మూటకట్టి నీళ్ల ట్యాంకు కింద తోసేసి ఉంది.

"ఏమండీ! తీగ ఏమైంది?" అని పిట్టగోడ మీదనుంచి కేకేసింది.

కింద వాకిట్లో స్కూటర్ తుడుస్తున్న కిషోర్ బాబు తలెత్తకుండానే జవాబిచ్చాడు. "విప్పేసినా. ఫోటోల్లో బట్టలు కనబడితే ఏం బాగుంటుంది? శుక్రవారం దాకా పెరట్లో ఆరేసుకో."

"పెరట్లో ఎండ ఎక్కడుంది?"

"శనివారం మళ్లీ కట్టిస్తాలే."

"వడియాలు?"

కింద స్కూటర్ తుడవడం ఇంకొంచెం జోరుగా సాగింది.

మద్రాసులో పెద్ద హోటల్లో పదహారేళ్లు విందుల విభాగం చూసి, తండ్రి మంచాన పడినప్పుడు ఉద్యోగం మానుకుని సూళ్లూరుపేటకు వచ్చేశాడు కిషోర్ బాబు. ఇప్పుడు కంపెనీలకూ కచేరీలకూ పుట్టినరోజులకూ చోట్లు వెతికిపెట్టడం అతని పని. "ఫంక్షన్ హాలు ఎవరైనా చూపిస్తారు. నేను చూపించేది చోటు" అంటాడు. నాయుడుపేట దగ్గర మూతపడిన గిడ్డంగిలో పాట కచేరీ పెట్టించాడు. కోట వైపు రొయ్యల చెరువుల మధ్య గట్టు మీద డీలర్లకు విందు ఏర్పాటు చేశాడు. మైపాడు దగ్గర సరుగుడు తోటలో ఒక జంటకు పెళ్లిరోజు చేశాడు. అతనికి ఆ కన్ను ఉందని రెజీనా ఒప్పుకుంటుంది. ఏ చోటికి వెళ్లినా ఒకసారి చప్పట్లు కొట్టి మాట ఎలా వినబడుతుందో చూస్తాడు. ఆరు గంటలకు ఎండ ఎవరి కళ్లలో పడుతుందో, పెద్దవాళ్లు ఎక్కడ కూర్చుంటారో, మెట్లకు పట్టుకునే కమ్మీ ఉందో లేదో అన్నీ చూస్తాడు. ఇంట్లో గ్యాస్ సిలిండర్ ఎక్కడుందో మాత్రం ఇప్పటికీ అడిగి తెలుసుకుంటాడు.

ఈసారి వచ్చింది తడ దగ్గరి పారిశ్రామికవాడలో ఒక కంపెనీ. వాళ్లు బయటి ఊళ్ల నుంచి నలభై మంది వ్యాపారులను పిలిచి ఒకరికొకరిని పరిచయం చేసే సాయంత్రం పెట్టుకున్నారు. ఏసీ హాళ్లు చూసి చూసి విసుగొచ్చిందట. ఇంకెక్కడా దొరకనిది కావాలన్నారు. కిషోర్ బాబు ఒక్క మాటన్నాడు: "రాకెట్టు." శ్రీహరికోట నుంచి రాకెట్టు లేచే సాయంత్రం, తమ మిద్దె మీద నిలబడి, చేతిలో పకోడీ ప్లేటుతో ఆకాశం వైపు చూడటం. వాళ్లకు అది అంత నచ్చుతుందని అతనే అనుకోలేదు.

రాకెట్టు మంగళవారం అన్నారు కాబట్టి విందు మంగళవారం పెట్టాడు. ఆదివారం, పైన గాలులు బలంగా ఉన్నాయని ప్రయోగం శుక్రవారానికి వాయిదా వేశారు. విందూ దాని వెంటే శుక్రవారానికి నడిచింది.

"దేశమంతా ఎదురుచూసే రాకెట్టుకు మా నాన్న పకోడీలు ముడేసినాడు" అని నవ్వింది కూతురు ఏంజెలిన్, ఇడ్లీ తుంచుతూ. ఇంటర్ చదువుతున్న ఆ పిల్లకు ఇంట్లో జరిగేదంతా సినిమాలాగే ఉంటుంది.

రెజీనా నవ్వలేదు. గోడ మీది క్యాలెండర్ వైపు చూసింది. "శుక్రవారం మామయ్య కూడిక."

చెంచా కింద పెట్టిన చప్పుడు వినబడింది. భోజనాల బల్ల చివర కూర్చున్న ఎలిశబెతు కొడుకు వైపు చూసింది.

కిషోర్ బాబు ఆ మాట కోసం సిద్ధంగానే ఉన్నట్టున్నాడు. "దాని గురించే చెప్దామనుకున్నా. అమ్మా, ఈ ఏడు నాన్న జ్ఞాపకార్థ కూడిక చర్చి హాల్లో పెట్టుకుందాం. పాస్టర్ గారితో మాట్లాడేసినా. ఫ్యాన్లుండాయి, కుర్చీలుండాయి, మంచి మైకుండాది. చాపల మీద కూర్చుని లేవలేక ఎవరూ ఇబ్బంది పడబళ్లేదు."

"ఎప్పుడు మాట్లాడినారు?" అంది రెజీనా.

"నిన్ననే."

"అత్తమ్మను అడక్కుండానా?"

"అడుగుతుండా కదా ఇప్పుడు!"

"సరే అబ్బయ్యా. నీకెట్ట వీలైతే అట్ట చెయ్యి" అంది ఎలిశబెతు. సగం ఇడ్లీ ప్లేట్లోనే వదిలి లేచి తన గదిలోకి వెళ్లింది. ఆమె ప్లేటులో ఏదీ వదలని మనిషి.

కిషోర్ బాబు తండ్రి గిద్యోను మాస్టారు ప్రభువు దగ్గరికి వెళ్లి మూడేళ్లు. ఏటా ఆ రోజున పాస్టర్ గారు, చుట్టాలు, వీధిలోవాళ్లు కలిసి ఇరవై మంది దాకా మిద్దె మీద చాపలు పరుచుకుని కూర్చుంటారు. పాటలు, బైబిల్ వాక్యం, ప్రార్థన అయ్యాక ఇంటి పెద్ద లేచి సాక్ష్యంగా తన మనసులో మాట అందరి ముందూ చెప్పాలి. పోయిన రెండేళ్లూ ఎలిశబెతు లేచి నిలబడింది, కళ్లు తుడుచుకుంది, కూర్చుంది. ఒక్క మాట రాలేదు. ఈసారి నెల రోజుల ముందే ఏంజెలిన్ దగ్గర ఒక నోట్‌బుక్ తీసుకుంది. మధ్యాహ్నాలు తలుపు దగ్గరగా వేసుకుని రాస్తుంది, చింపుతుంది, మళ్లీ రాస్తుంది. "ఈసారి చెప్తానమ్మాయ్. చెప్పకుండా చచ్చిపోతానేమోనని భయంగా ఉండాది. మన మిద్దె మీద, మనోళ్ల ముందరైతే చెప్పగలను" అని రెజీనాతో అంది.

అందుకే రెజీనా ఆమె వెనకాలే గదిలోకి వెళ్లింది. "హాల్లో చెప్తారా అత్తమ్మా?"

"మైకు పట్టుకోనా? నాచేత అయ్యే పనేనా అది? ప్రార్థన చేసుకుని వచ్చేద్దాంలే."

"మరి నెలనుంచీ రాసింది?"

"దేవుడు చదివుంటాడు" అంటూ ఆమె నోట్‌బుక్‌ను దిండు కిందికి తోసింది.

రెజీనాకు ఒళ్లు మండింది. ఆ రోజంతా గిన్నెలు మామూలు కంటే గట్టిగా మోగాయి. బట్టలు పెరట్లో ఆరక వాసన వేశాయి. బల్బుల వాళ్లు వచ్చి మెట్ల నిండా మట్టి కాళ్ల ముద్రలు వేసి వెళ్లారు. ఎత్తు స్టూళ్లు ఇంకో నాలుగు వచ్చాయి. వాటిని ఇంటి ముందుగదిలో పెట్టడంతో బీరువా తలుపు తెరవడానికి కూడా వీల్లేకపోయింది. ఇది ఇల్లా, సామాన్ల గోడౌనా అని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అతను ఫోన్లో ఉన్నాడు.

బుధవారం మధ్యాహ్నం కిషోర్ దగ్గర పనిచేసే వాణి రెజీనాకు ఫోన్ చేసింది.

"అక్కా, సార్ ఫోన్ ఎంతకీ దొరకడం లేదు. కామాక్షయ్య గారు మళ్లీ అడిగినారని చెప్తారా? ఆయన మిల్లు మిద్దె శుక్రవారం ఖాళీగానే ఉండాదంట. మొన్న సార్ వద్దన్నాడంట కదా, ఎందుకొద్దన్నాడో తెలియక పాపం ఆయన నొచ్చుకుంటుండారు."

"ఏ మిల్లు?"

"ఊరి చివర, పులికాట్ వైపుదే అక్కా. మూడంతస్తులు. అక్కడినుంచి చూస్తే సరస్సు, ఆపైన శ్రీహరికోట, మధ్యలో ఒక్క ఇల్లు అడ్డం లేదు. మీ మిద్దె కంటే అదే బాగుండాదని నేనూ చెప్పినా."

"మొన్నంటే ఎప్పుడు?"

"ఆదివారమే అక్కా. రాకెట్టు వాయిదా పడిన గంటకే."

రెజీనా ఫోన్ పెట్టేసి కాసేపు స్టూళ్ల మధ్యే నిలబడిపోయింది. విందూ కూడికా ఒకే తేదీన పడటంతో వేరే దారి లేక ఇలా చేశాడని ఇప్పటిదాకా అనుకుంది. వేరే దారి మొదటి గంటలోనే వచ్చి తలుపు తట్టింది.

సాయంత్రం కిషోర్ బాబు వచ్చి చెప్పులు విప్పీ విప్పకముందే అడిగేసింది. "కామాక్షయ్య గారి మిల్లు ఎందుకొద్దన్నారు?"

అతను చెప్పులు గోడ వారకు జరిపాడు. "అక్కడ లిఫ్టు లేదు."

"మన మిద్దెకుందా?"

"రెజీనా, ఇది నా పని. నీకు తెలీదు. గమ్మునుండు."

"పెళ్లయినప్పటి నుంచి గమ్మునే ఉండాను. తీగ తీసేస్తే గమ్మునున్నా. వడియాలు నేలపాలైతే గమ్మునున్నా. నలభై మంది ముక్కూ మొహం తెలియనోళ్లకు ఎండ కళ్లలో పడకుండా చూస్తారే, మీ అమ్మ ఎక్కడ నోరు తెరవగలదో అది చూడరా? ఆమె నెల రోజులుగా రాసుకున్నది తీసి దిండు కింద పెట్టేసింది. చోట్లు ఎంచేదానికి ఊరంతా మిమ్మల్నే పిలుస్తుంది. సొంత నాన్న కూడికకు చోటు దొరకలేదా మీకు?"

"మన మిద్దె మీద వద్దు!" అని అరిచాడు. ఏంజెలిన్ పుస్తకం మూసి లేచి నిలబడింది. కిషోర్ గొంతు వెంటనే పడిపోయింది. "ఆ మిద్దె మీద నాన్న గురించి నేను వినలేను."

అతను ఎత్తు స్టూలు మీద కూర్చోబోయి, కుదరక, దానికి ఆనుకుని నిలబడ్డాడు.

"నాన్న పోయిన రోజు రాకెట్టు లేస్తుంటే అందర్నీ పైకి పిలిచింది నేనే కదా. అమ్మ నాన్న దగ్గరుంది. రెండు నిమిషాలు రామ్మా అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయినా. మేమందరం పైన చప్పట్లు కొడుతుంటే నాన్న కింద ఒక్కడే... దిగొచ్చేసరికి అయిపోయింది. పక్కన ఒక్క మనిషి లేడు." అతను ముఖం తుడుచుకున్నాడు. "అమ్మ రాసింది అదే. నాకు తెలుసు. చెప్పే హక్కు ఆమెకుంది. నాకే ఆ చోట నిలబడి వినే ధైర్యం లేదు. కొత్త మనుషులు, లైట్లు, నవ్వులు... నాలుగు విందులైతే ఆ మిద్దె కూడా అన్ని చోట్ల మాదిరి అయిపోతుందనుకున్నా."

రెజీనా కోపం ఎక్కడికీ పోలేదు గానీ, దాన్ని పెట్టే చోటు దొరకలేదు. ఆ రోజు తనూ పైనే ఉంది. అల్లం వెల్లుల్లి నూరుతున్న చేతులతోనే పరుగెత్తింది. మూడేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటూ ఈ మనిషి ఏం మోస్తున్నాడో అడగలేదు.

గది గుమ్మంలో ఎలిశబెతు నిలబడి ఉంది. ఎప్పటినుంచో తెలియదు.

"అబ్బయ్యా" అంది. "నేను రాసింది నువ్వు వినాల. ముఖ్యంగా నువ్వే వినాల. హాల్లో కాదు."

అంతే చెప్పి లోపలికి వెళ్లిపోయింది. కిషోర్ బాబు ఫోన్ తీసి కామాక్షయ్య గారికి చేశాడు.

శుక్రవారం పొద్దునే గడ్డి చుట్టనూ స్టూళ్లనూ ఎక్కించుకుని ఆటో మిల్లుకు వెళ్లింది. దాని వెనకే కిషోర్ బాబూ వెళ్లాడు. సాయంత్రం ఆరింటికి మిద్దె మీద ఇరవై రెండు మంది చేరారు. మొదటి పాట అయింది. పాస్టర్ గారు వాక్యం చదివారు. రెజీనా రెండుసార్లు మెట్ల వైపు చూసి, ఇక చూడకూడదని అనుకుంది. రాకెట్టు ఆరూ ఇరవైకి. నలభై మందిని వదిలి అతనెలా వస్తాడు?

రెండో పాట మధ్యలో చెప్పులు విడిచిన చప్పుడైంది. కిషోర్ బాబు వచ్చి చాప చివర కూర్చున్నాడు. తెల్ల చొక్కా చెమటకు అతుక్కుపోయి ఉంది.

"అక్కడ?" అని గుసగుసగా అడిగింది రెజీనా.

"వాణి ఉండాది."

పాట అయ్యేసరికి అతని ఫోన్ వణికింది. చూసి రెజీనాకు చూపించాడు. మళ్లీ వాయిదా. చివరి నిమిషాల్లో ఆపేశారట. "నలభై మంది ఒట్టి ఆకాశం చూస్తుండారు" అని వాణి రాసింది. అతను ఫోన్ ఆపేసి జేబులో పెట్టుకున్నాడు.

ఎలిశబెతు లేచింది. నోట్‌బుక్ తెరిచింది. చూపు ఆనలేదో, మనసు మార్చుకుందో, మూసేసింది.

"ఆ రోజు ఆయన నన్ను పైకి పొమ్మన్నాడు" అంది. "మాట సరిగా వచ్చేది కాదు. నాకు తెలిసేది. 'పోయి చూసిరా, వచ్చి నాకు చెప్పు' అన్నాడు. నేను వద్దన్నా. రెండోసారి అన్నాడు. నాకూ పోవాలనే ఉండె. ఆరు నెలలు ఆ గదిలోనే ఉండాను. మందుల వాసన. కొంచెం గాలి కావాలనిపించింది. లేచి చీర సర్దుకున్నా. కిషోరు వచ్చి చెయ్యి పట్టుకునేసరికి నేను గడప దాటి ఉండాను."

కిషోర్ బాబు తలెత్తాడు.

"తర్వాత అందరూ, కొడుకు పిలిస్తే పోయింది పాపం అన్నారు. నేను కాదనలేదు. మొగుడు మంచంలో ఉంటే దీనికి రాకెట్టు చూడాలనిపించిందా అంటారని సిగ్గు. వాడు నా మొహం చూడలేక తిరుగుతుంటే తెలుసు నాకు. తెలిసీ గమ్మునున్నా. నా సిగ్గు తీసి నా బిడ్డ నెత్తిన పెట్టినా. మూడేళ్లు మోయించినా." ఆమె కళ్లు తుడుచుకుంది, ఈసారి మాత్రం కూర్చోలేదు. "ఇది దేవుని ముందరా, మీ అందరి ముందరా ఒప్పుకుంటుండా. నన్ను వాడు లాక్కుపోలేదు. ఆయన పంపితే నేను పోయినా."

ఎవరో ఏడుపు ఆపుకుంటున్నారు. అది తన భర్తేనని రెజీనాకు కాసేపటికి అర్థమైంది. అతను చాపల మీదుగా మోకాళ్లతో జరిగి వచ్చి తల్లి పాదాల దగ్గర కూర్చున్నాడు. ఆమె ఒక చెయ్యి అతని తల మీద వేసింది.

"వచ్చి చెప్పమన్నాడే నాన్న" అన్నాడు కష్టం మీద. "ఏం చెప్దామనుకున్నావమ్మా?"

ఎలిశబెతు తూర్పు వైపు చూసింది. అక్కడ చీకటి పడుతున్న ఆకాశం తప్ప ఏమీ లేదు.

"ముందు వెలుతురు వచ్చింది" అంది. మూడేళ్లుగా నాలుక చివర ఉన్న మాటల్లా ఆగకుండా వచ్చాయి. "చప్పుడే లేదు. చెట్ల మీదినుంచి ఎర్రగా లేచింది. నీ మనవరాలు ఎగిరెగిరి నా కాలు తొక్కింది. కోడలు మసాలా చేతులతోనే వచ్చింది. కిషోరు చిన్నపిల్లాడి మాదిరి నోరు తెరుచుకుని చూస్తుండాడు. చిన్నగా, ఇంకా చిన్నగా, చుక్కంత అయిపోయింది. అప్పుడు వచ్చింది చూడు మోత. గుండెలదిరినాయి. మన కిటికీలన్నీ గడగడలాడినాయి..." ఆమె ఆగింది. ఎదురుగా ఉన్నవాళ్లెవరినీ చూడటం లేదు. "నీకూ వినపడిందా?"

పాస్టర్ గారు తల వంచుకున్నారు.

"వినే ఉంటాడమ్మా" అన్నాడు కిషోర్ బాబు.