నరసయ్య గారికి ప్రేక్షకులు

"నాటకము సమాజమునకు దర్పణము వంటిది," అని స్క్రీన్ మీది ముక్తేవి నరసయ్య గారు మూడో ప్రశ్నకి కూడా అదే జవాబు చెప్పారు. ల్యాబ్‌లో కూర్చున్న భ్రమరాంబ ఆవులింత ఆపుకుంది.

నరసయ్య గారు పోయి నూరేళ్లు దాటింది. మాట్లాడుతున్నది పునర్వాణి అనే మెషీన్. ఆయన రాసిన పద్యనాటకాలు, ఉత్తరాలు, ఆనాటి కరపత్రాలు, పత్రికల్లో వచ్చిన సమీక్షలు, అరిగిపోయిన గ్రామఫోన్ రికార్డులు, అన్నీ దానికి మేపారు. ఏ ప్రశ్న వేస్తే ఆ మనిషి ఏమని ఉండేవాడో అది లెక్కగట్టి, ఆ గొంతుతోనే చెబుతుంది. ఇక మీదట విద్యార్థులు లైబ్రరీల చుట్టూ తిరగనక్కర్లేదు. ఆన్‌లైన్‌లో సాక్షాత్తూ నాటకకర్తనే అడిగి, ఆయన కాలం గురించి ఆయన నోటే వినొచ్చు.

"డేటాలో లోపమేం లేదండీ," అన్నాడు మెషీన్ తయారుచేసిన డాక్టర్ ఇందుశేఖర్. "మరి గైడు పుస్తకంలా ఎందుకు మాట్లాడుతున్నాడో అర్థం కావడం లేదు."

భ్రమరాంబ కాలేజీలో తెలుగు లెక్చరర్. నరసయ్య గారి నాటకాలు పాఠం చెబుతూ జుట్టు నెరిసింది. ఆవిడకి ఒక్కటే తెలుసుకోవాలని ఉంది. నలభయ్యో ఏట 'మణిపుర పతనం' అనే గొప్ప విషాద నాటకం రాసిన మనిషి, ఆ తరవాత ముప్ఫై ఏళ్లు బతికి కూడా ఒక్క పద్యం రాయలేదు. ఎందుకు? భార్య పోయిన దుఃఖంతో అని భ్రమరాంబే తన పుస్తకంలో రాసింది. వేరే కారణం దొరక్క రాసింది గానీ, ఆవిడ మనసు ఒప్పుకోలేదు.

"ఖాళీ గదిలో కూర్చోబెట్టి మాట్లాడమంటే ఏం మాట్లాడతారండీ?" అంది. "మన పాత నాటకకర్తలు జనాన్ని చూసి రాశారు. ఎదురుగా నేల టిక్కెట్టు లేకపోతే నరసయ్య గారు నరసయ్య గారే కారు. ప్రేక్షకుల్ని కూడా పెట్టండి."

ఇందుశేఖర్‌కి ఈ మాట నచ్చింది. ఆనాటి ప్రేక్షకులు ఎక్కడ చప్పట్లు కొట్టారో, ఎక్కడ ఈలలు వేశారో సమీక్షల్లోంచి ఏరి, మెషీన్‌లో ఒక నాటకాల పందిరీ, పందిరి నిండా జనాన్నీ సృష్టించాడు. పనిలో పనిగా నరసయ్య గారికి జ్ఞాపకం కూడా ఇచ్చాడు. ఊరికో నరసయ్య లేడు. విద్యార్థులందరికీ ఆయన ఒక్కడే, ఎవరితో ఏం మాట్లాడినా గుర్తుంటుంది.

అంతే, ప్రాణం లేచొచ్చింది.

"ఎవరమ్మాయ్ అది? గట్టిగా అడుగు, వెనకవాళ్లకి వినపడొద్దూ?" అని నరసయ్య గారు గదమాయిస్తుంటే పిల్లలు పడీపడీ నవ్వారు. ఆనాటి నటుల కీచులాటలు, హార్మొనీ వాయించేవాడి అలకలు, జమీందారుల పిసినిగొట్టుతనం, ఏదడిగినా కథలు కథలుగా చెప్పారు. తెలుగంటే ముఖం చాటేసే పిల్లలు ఆయన కోసం పొద్దున్నే లాగిన్ అయ్యేవారు. భ్రమరాంబకి కడుపు నిండినట్టయింది.

రెండో సంవత్సరం చదివే కెజియా ఒకరోజు క్లాసులో పెద్ద స్క్రీన్ మీద అడిగేసింది. "రాయడం ఎందుకు మానేశారు సార్?"

నరసయ్య గారు పందిట్లోని జనం వైపు ఒకసారి చూశారు. "మణిపురం రాజు చచ్చిపోయేటప్పుడు పాడే పద్యం ఉంది చూశావూ, అది రాస్తూ నేను ఏడ్చానమ్మా. మా రాజు వేషగాడు పాడి, పడిపోయాడు. జనం వన్స్ మోర్ అన్నారు. వాళ్లు అడిగితే శవమైనా లేవాలి, అది మా ఆచారం. లేచాడు, పాడాడు, మళ్లీ చచ్చాడు. మళ్లీ వన్స్ మోర్. ఇంకోసారి లేస్తూ పంచె సర్దుకున్నాడు. పందిరంతా విరగబడి నవ్వింది. తెర పక్కన నిలబడి నేనూ నవ్వాను. నా రాజు చావు చూసి నాకే నవ్వొచ్చిందమ్మా. ఆ తరవాత చెయ్యాడలేదు."

భ్రమరాంబ కళ్లు తుడుచుకుంది. తన పుస్తకం తప్పయినందుకు ఆవిడకి చింత లేదు. నిజం దొరికింది, అది చాలు.

అప్పుడు స్క్రీన్‌లోని పందిట్లోంచి ఎవరో "వన్స్ మోర్" అన్నారు. క్లాసులో పిల్లలూ అందుకున్నారు. నరసయ్య గారు గొంతు సవరించుకుని మొదటినుంచీ మళ్లీ చెప్పారు.

ఆ వీడియో రాష్ట్రమంతా పాకింది. ప్రతి కాలేజీలో ప్రతి పిల్లా పిల్లాడూ అదే ప్రశ్న అడగడం, అయిపోగానే వన్స్ మోర్ అనడం. మొదట్లో ఆయన గొంతు వణికేది. రానురానూ మధ్యలో చిన్న చిన్న హాస్యాలు చేరాయి. పంచె సర్దుకోవడం అభినయించి చూపించేవారు. భ్రమరాంబకి చూడబుద్ధి కాలేదు. ఒంటరిగా లాగిన్ అయి బతిమాలింది.

"చెప్పనని అనొచ్చుగా, నరసయ్య గారూ."

"జనం అడుగుతుంటే ఎలా కాదంటానమ్మా?" అన్నారాయన.

ఆవిడ ఇందుశేఖర్ దగ్గరికి పరుగెత్తింది. "ఆ జనాన్ని తీసెయ్యండి. పోనీ ఆయన జ్ఞాపకమైనా తీసెయ్యండి."

"తీసేస్తే మళ్లీ ఆ దర్పణమే మిగుల్తుంది మేడమ్. సలహా మీదే కదా."

వారం తిరక్కుండా నరసయ్య గారు మాట్లాడడం మానేశారు. ప్రశ్న వేస్తే వేసినవాళ్ల వైపు చూస్తారు, అంతే. స్క్రీన్‌లోని జనం ఈలలు వేసి, కేకలు వేసి, దులుపుకుని లేచిపోయారు. ఖాళీ పందిట్లో ఆయనొక్కరే కూర్చున్నారు. ఇందుశేఖర్ మెషీన్ అంతా వెతికాడు. ఎక్కడా లోపం లేదు.

"అద్భుతం," అన్నాడు భ్రమరాంబతో, నిజమైన సంతోషంతో. "మనిషి ఎలా మానేశాడో మెషీన్ కూడా అచ్చం అలాగే మానేసింది. మోడల్ సరైనదనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?" ఆ రుజువు మీద ఆయనకి ఆ ఏడు పెద్ద అవార్డే వచ్చింది.

ఇందుశేఖర్ ఆ మాట అన్న మర్నాడు భ్రమరాంబ క్లాసుకి వెళ్లింది. పిల్లలు దిగులుగా ఉంటారనుకుంది, ఏం చెప్పి ఓదార్చాలా అని దారంతా ఆలోచించుకుంది. లోపలికి అడుగుపెట్టగానే కెజియా లేచి నిలబడింది.

"మేడమ్, ఇందుశేఖర్ సార్ ఇంకో నాటకకర్తని పెడతారట కదా. మిమ్మల్నే అడుగుతారని చెప్పారు. నరసయ్య గారిలా మంచి కథ ఉన్నవాళ్లు ఇంకెవరున్నారు?"

భ్రమరాంబకి చప్పున ఒక పేరు తోచింది. ఆయన పద్యాలంటే ఆవిడకి ప్రాణం, ఆయన ఎవరికీ చెప్పుకోని బాధ ఒకటి కూడా ఆవిడకి తెలుసు. చెబుదామని నోరు తెరిచింది. క్లాసంతా ముందుకి వంగి ఆవిడ వైపే చూస్తోంది. తెలిసినదేదీ పిల్లల దగ్గర దాచడం ఆవిడ ఎరగదు.

"నాకు తెలిసి ఎవరూ లేరమ్మా," అంది.