పుస్తకంలో లేని అక్క

ఆ ఆదివారం పొద్దున్నే తండ్రి స్టూలెక్కి ముందుగదిలో ఫ్యాను రెక్కలు తుడవడం మొదలుపెట్టాడు. బస్సు డ్రైవరుగా రిటైరైనప్పటి నుంచి ఇంట్లో దుమ్ము ఎక్కడున్నా ఆయన కంటికే ముందు కనబడుతోంది.

"వచ్చేది సినిమావాళ్ళు. మన ఫ్యాను చూసిపోవడానికి కాదు. దిగండి, నడుం పట్టేసిందంటే మళ్ళీ నా ప్రాణానికే" అంది తల్లి వంటింట్లోంచి.

పెద్దమ్మాయి కప్పులు కడుగుతూ నవ్వు ఆపుకుంది. ఇరవయ్యారేళ్ళు దాటి, కళ్ళద్దాల షాపులో అద్దాలు బిగించే ఉద్యోగం చేసుకుంటున్నా, ఇంట్లో ఆమె పెద్దమ్మాయే. చిన్నవాడు పోయి పదహారేళ్ళయినా ఆ పిలుపు మారలేదు.

చిన్నవాణ్ణి బుడ్డోడు అనేవాళ్ళు. ఐదేళ్ళప్పుడు కాలవలో పడి చనిపోయాడు. చిన్నపిల్లల బడిలో టీచరైన తల్లి, ఆ తరవాత కొన్నేళ్ళకు ఒక పిల్లల నవల రాసింది. అందులోనూ బుడ్డోడు కాలవలో పడతాడు. కానీ మునగడు. కొట్టుకొచ్చిన పాత తలుపు మీదెక్కి కూర్చుని, తాబేళ్ళతో కబుర్లాడి, వంతెన కాపలావాడితో తగువు పెట్టుకుని, చీకటి పడేలోపు క్షేమంగా ఇల్లు చేరతాడు. పిల్లలు ఆ పుస్తకాన్ని అట్టలు ఊడేదాకా చదివారు. ఇప్పుడు దాన్ని సినిమాగా తీస్తామని ఒక డైరెక్టరు వస్తున్నాడు.

మనిషి చిన్నవాడే, మర్యాద తెలిసినవాడు. టీ తాగి, కప్పు జాగ్రత్తగా కింద పెట్టి, అసలు సంగతికొచ్చాడు.

"కథ ముట్టుకోమమ్మా. అయితే ఒక్కటి. పుస్తకంలో చదువుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, సినిమాలో బాబు ఒక్కడే నీళ్ళలోకి పోతే చాలదు. గట్టు మీద వాడి కోసం అల్లాడే మనిషి ఉండాలి. ఒక అక్కని పెడదామనుకుంటున్నాం."

తల్లి చేతిలో టీ తొణికి చీర మీద పడింది.

"అక్క లేదు" అంది.

"ఊరికే, కథ కోసమమ్మా..."

"నా పుస్తకంలో అక్క లేదు బాబూ."

పెద్దమ్మాయి గుమ్మంలో ట్రే పట్టుకుని నిలబడి ఉంది. డైరెక్టరు ఆమెను చూశాడు, తల్లిని చూశాడు. తండ్రి గొంతు సవరించుకుని, "ఎండ ముదురుతోంది, బయల్దేరతారేమో" అన్నాడు. దాంతో అతను లేచాడు.

అతను వీధి మలుపు తిరిగాడో లేదో పెద్దమ్మాయి వంటింట్లోకి వచ్చింది.

"అమ్మా, ఒకటడుగుతా చెప్పు. ఆ పుస్తకంలో నేనెందుకు లేను?"

"కథ కదమ్మా. కథలో అందరూ ఉంటారా?"

"అందరూ ఉన్నారు! తమ్ముడున్నాడు. నువ్వున్నావు. నాన్న ఉన్నాడు, ఆయన దగ్గుతో సహా. వీధి చివర కుంటికుక్క కూడా ఉంది. నేనే లేను. పద్నాలుగేళ్ళప్పుడు ఆ పుస్తకం ఎన్నిసార్లు తిరగేశానో తెలుసా? వెనక పేజీల్లోనైనా వస్తానేమోనని."

"మెల్లిగా. నాన్న వింటారు."

"విననీ. ఈ ఇంట్లో అసలు ఎవరైనా ఏదైనా విన్నారా? వాడు పోయిన రోజు గురించి నన్ను ఒక్క మాటైనా అడిగారా మీరిద్దరూ? నేను చెయ్యి వదిలేశాననేగా అమ్మా? అందుకేగా నన్ను తీసేశావు?"

తల్లి మొహంలో నెత్తురు చుక్క లేదు. నోరు తెరిచింది. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. పొయ్యి మీద పాలు పొంగి కారుతున్నా చూడకుండా, గోడ పట్టుకుని నడుచుకుంటూ పడగ్గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

పెద్దమ్మాయి పొయ్యి ఆర్పి, పొంగిన పాలు తుడిచింది. జవాబు దొరికిందనుకుంది.

ఆ తరవాత ఇల్లు ఇల్లులా లేదు. ఆమె పొద్దున్నే షాపుకు వెళ్ళిపోయేది. అద్దాలు అరగదీసే యంత్రం ముందు కూర్చుంటే ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. సాయంత్రం వచ్చి ఇంత తిని పడుకునేది. తల్లి రెండు మూడుసార్లు గది గుమ్మందాకా వచ్చి నిలబడింది. "ఏమిటమ్మా?" అంటే, "ఏం లేదు, బట్టలేమైనా ఉన్నాయా ఉతకడానికి" అని వెళ్ళిపోయింది. తండ్రి ఇద్దరి మధ్యా కూర్చుని, ఎవరి మొహంలోకీ చూడకుండా పేపరు చదివాడు.

డైరెక్టరు మాత్రం అనుకున్నదే చేశాడు. అక్క లేకపోతే సినిమాయే లేదని నిర్మాత తెగేసి చెప్పాట్ట. తల్లి ఆ కబురు విని ఔననలేదు, కాదనలేదు. కాలవ దృశ్యం తీసే రోజు మాత్రం కూతురి మంచం పక్కన నిలబడి, "నేనొక్కదాన్నీ వెళ్ళలేను. నువ్వు కూడా రా" అంది.

"చూసి ఏం చెయ్యాలి నేను?"

"తెలీదు. రా."

ఆ గొంతు విని కాదనలేకపోయింది.

ఊరి బయట ఖాళీ స్థలంలో కాలవ తవ్వి నీళ్ళు నింపారు. మోకాళ్ళ లోతే. ఒక మూల మోటార్లు పెట్టి నీళ్ళను పరుగెత్తిస్తున్నారు. బాబు వేషం వేసిన పిల్లవాడి నడుముకు చొక్కా లోపల తాడు కట్టారు. ఇద్దరు ఈతగాళ్ళు కెమెరాకు కనబడకుండా నీళ్ళలో కూర్చున్నారు. భయపడాల్సింది ఏమీ లేదు. అయినా పెద్దమ్మాయి గట్టు అంచుకు రెండడుగుల ఇవతలే ఆగిపోయింది.

అక్క వేషం వేసిన పాపకు పదేళ్ళుంటాయి. రెండు జడలు, మోచేతి దగ్గర చిరిగిన గౌను. డైరెక్టరు ఆ పాప పక్కన గొంతుక్కూర్చుని చెబుతున్నాడు.

"తమ్ముడు జారాడు. నువ్వు వాడి చెయ్యి పట్టుకున్నావు. నీళ్ళు లాగుతున్నాయి. నువ్వూ పడిపోతావేమోనని భయమేసింది. వదిలేశావు. అంతే, బంగారం. వదిలేశాక నీ చెయ్యి నువ్వు చూసుకోవాలి."

పెద్దమ్మాయి తలొంచుకుంది. అతను ఊహించి రాసుకున్నదే గానీ, పదహారేళ్ళుగా తన తలలో తిరుగుతున్నది ఇదే. ఇంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ లేదు. పట్టుకుంది. తరవాత చేతిలో చెయ్యి లేదు.

"యాక్షన్!"

మోటార్లు హోరెత్తాయి. బాబు జారాడు. పాప ముందుకు వంగి పట్టుకుంది, ఒక్క క్షణం ఆగి వేళ్ళు విప్పేసింది.

"ఆపండి!"

అరిచింది తల్లి. చెప్పులతోనే నీళ్ళలోకి దిగి, కెమెరాకు అడ్డంగా నడిచి, పాప ముందు నిలబడింది. చీర కుచ్చెళ్ళు తడిసి కాళ్ళకు చుట్టుకున్నాయి.

"తప్పు! అలా జరగలేదు. అది చెయ్యి వదల్లేదు."

"అమ్మా, ఇది సినిమా. ఈ పాప..." అంటూ లేచాడు డైరెక్టరు.

"నా కూతురు చెయ్యి వదల్లేదు బాబూ! దాన్ని ఇంటికి మోసుకొచ్చినప్పుడు మణికట్టు మీద నాలుగు గాట్లున్నాయి. నా కొడుకు గోళ్ళవి. మణికట్టు నుంచి వేళ్ళ దాకా చర్మం చీరుకుపోయింది. నేనే కడిగాను, నేనే మందు రాశాను, మానేదాకా కట్టు కట్టాను. వదిలేసిన చేతికి అలాంటి గాట్లు పడతాయా? వాణ్ణి దీని చేతిలోంచి నీళ్ళు గుంజుకున్నాయి. ఇది ఆఖరుదాకా పట్టుకునే ఉంది."

మోటార్లు ఎవరో ఆపేశారు.

పెద్దమ్మాయికి ఆ కట్టు గుర్తుంది. గట్టు మీది రాళ్ళు గీరుకున్నాయనుకుంది. అప్పుడు జ్వరంలో ఉంది, ఎవరూ చెప్పలేదు, తనూ అడగలేదు. ఇప్పుడు మణికట్టు తడుముకుంది. అక్కడేమీ మిగల్లేదు.

తల్లి గట్టెక్కి వచ్చి ఆమె ముందు నిలబడింది.

"ఆ రోజు వంటింట్లో నువ్వా మాట అన్నాక నా నోరు పడిపోయిందే. నువ్విన్నేళ్ళూ అలా అనుకుంటున్నావని నాకు తెలీదు. నీకు తెలుసనుకున్నాను. నీ చెయ్యే కదా!"

"మరి పుస్తకంలో..."

"నిన్ను రాస్తే ఆ గట్టు రాయాలి. నాన్నకు క్యారేజీ ఇచ్చి రమ్మని మిమ్మల్నిద్దర్నీ ఆ దారిన పంపింది నేను. అదీ రాయాలి. కలం పట్టుకుంటే చెయ్యి ఆడేది కాదు. వాడొక్కణ్ణయితే ఎలాగోలా ఇంటికి తీసుకురాగలిగాను." చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నీ మీద కోపం లేదని అబద్ధం చెప్పను. మొదట్లో ఉండేది. నువ్వు మిగిలి వాడు పోయాడే అని. అలా అనిపించినందుకు నీ మొహం చూడలేకపోయేదాన్ని. అది పోయాక కూడా అలవాటు చొప్పున చూడలేదు. అంతే తల్లీ, ఇంకేం దాచలేదు."

ఆ మాట గుచ్చుకుంది. అయినా ఇన్నేళ్ళ మౌనం కన్నా నయమనిపించింది పెద్దమ్మాయికి. తల్లి తడిచేతిని పట్టుకుని నిలబడింది.

కాసేపటికి డైరెక్టరు దగ్గరికొచ్చాడు. "అలాగే మారుస్తానమ్మా. పాప వదలదు. కానీ ఎలా పట్టుకోవాలో..."

పెద్దమ్మాయి వెళ్ళి పాప ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. బాబును దగ్గరికి పిలిచింది.

"వేళ్ళు కాదమ్మా, జారిపోతాయి. ఇక్కడ, మణికట్టు పట్టుకో. నువ్వు కూడా నాన్నా, అక్క చెయ్యి గట్టిగా పట్టుకో. ఇంకా గట్టిగా."

"నొప్పెడుతుందేమో అక్కకి" అన్నాడు బాబు.

"పెట్టనీ" అంది. "వదలకు."

మళ్ళీ మోటార్లు తిరిగాయి. ఈసారి పాప బోర్లా పడిపోయి, గట్టు అంచుదాకా నీళ్ళు ఈడ్చుకుపోతున్నా పట్టు విడవలేదు. నీళ్ళే విడదీశాయి. ఈతగాళ్ళు బాబును పైకెత్తగానే వాడు కిలకిలా నవ్వాడు.

ఆ నవ్వు విని పెద్దమ్మాయి అక్కడే నేల మీద కూలబడి బావురుమంది. ఇన్నేళ్ళూ తన తప్పును తలుచుకుని ఏడ్చింది. తమ్ముడి కోసం ఏడవడం అదే మొదలు. తల్లి పక్కన కూర్చుని ఆమె తలను ఒళ్ళోకి లాక్కుంది. ఊరుకోమని మాత్రం అనలేదు.