పర్లేదన్న వంతెన

ఇసుక లారీలు వంతెన మధ్యకి చేరి వరసగా ఆగాయి. ఒడ్డునున్న కంట్రోల్ రూములో డాక్టర్ ముదునూరి హైమవతి మైకు దగ్గరికి వంగి, పక్కింటావిడని పలకరించినంత మామూలుగా అడిగింది.

"ఎలా ఉంది?"

వశిష్ఠ గోదావరి మీద కట్టిన కొత్త వంతెన స్పీకరులోంచి జవాబిచ్చింది.

"పర్లేదండి."

గదంతా చప్పట్లు మోగాయి. ఆ మధ్యాహ్నమే ప్రారంభోత్సవం. రిబ్బను కట్టేశారు, మనుషుల్ని దాటించే పంటు ఆపేశారు, రెండు ఒడ్డుల మీదా జనం ఇసకేస్తే రాలనట్టున్నారు. మంత్రిగారు కత్తెర ఆడించగానే వాళ్లంతా వంతెనెక్కుతారు. ఇక హైమవతి "సరే" అనడమే తరువాయి.

వంతెన మాట్లాడడమేమిటని మీకు అనుమానం రావచ్చు. కాంక్రీటులోనూ ఉక్కు కేబుళ్లలోనూ వెంట్రుకంత సన్నని గాజు ఫైబర్లు పరిచారు. వాటిలో ఎప్పుడూ కాంతి పరిగెడుతూ ఉంటుంది. వంతెన ఏ మూల కాస్త సాగినా, వణికినా ఆ కాంతి మారుతుంది. ఆ మార్పుని మనిషి మాటగా మార్చే యంత్రం పేరు నాడి. అది హైమవతి పదిహేనేళ్ల కష్టం, అంతటి బుర్రకి దణ్ణం పెట్టాల్సిందే.

అంకెలుండగా మాటలెందుకని మొదట్లో అందరూ నవ్వారు. ఆవిడ వాళ్లకి పాత సంగతులు చెప్పింది. అమెరికాలో టకోమా వంతెన గాలికి ఊగుతుంటే జనం భయపడక సరదాపడి చూడ్డానికి వెళ్లారు, నాలుగు నెలలకే అది నీళ్లలో పడింది. కెనడాలో క్యూబెక్ వంతెన ఉక్కు వంగుతోందని కొలిచి మరీ తెలుసుకున్నారు, పని ఆపమన్న కబురు అందేలోపే కూలిపోయింది. కొలతలు తీయడంలో మనిషి గట్టివాడే, వాటిని పట్టించుకోవడంలోనే వస్తుంది చిక్కు. నొప్పి అంటే మాత్రం ఎవరైనా తల తిప్పి చూస్తారని ఆవిడ నమ్మకం. అందుకే మన గోదావరి ఆసుపత్రుల్లో రోగులు తమ బాధ చెప్పుకున్న రికార్డింగులన్నీ నాడికి వినిపించి మాటలు నేర్పింది.

పురుషోత్తం అనే చీఫ్ ఇంజనీరు స్వీటు పెట్టె విప్పాడు. హైమవతి చెయ్యి మాత్రం ముందుకి రాలేదు.

నెల రోజులుగా మెట్లెక్కితే ఆవిడ గుండె పట్టేస్తోంది. అవతలి ఒడ్డునున్న పెద్దాసుపత్రికి వెళ్దామని భర్త సూర్యనారాయణరాజు రోజూ పోరుతున్నాడు. ఆ పొద్దున కూడా కారు దిగుతుంటే ఎలా ఉందని అడిగాడు. పని ఎక్కడ ఆగిపోతుందోనని ఆవిడా పర్లేదండి అనే అంది, ఇదే గొంతుతో.

"లారీలు వెనక్కి తీయించండి. ప్రారంభోత్సవం ఆపెయ్యండి," అంది.

పురుషోత్తం తెల్లబోయాడు. "అదేంటి మేడమ్, బానే ఉన్నానంటోంది కదా."

"బాగున్నానని అనలేదు, పర్లేదంది. చిన్న నొప్పికి మనవాళ్లు ఇల్లెగిరిపోయేలా అరుస్తారండి. నిజంగా ప్రాణం మీదకొచ్చినప్పుడు, ఎదుటివాళ్లని కంగారు పెట్టడమెందుకని పర్లేదండి అంటారు. నాడి వాళ్ల దగ్గరేగా నేర్చుకుంది."

మంత్రిగారికి కోపమొచ్చింది, జనం తిట్టుకుంటూ పంటు ఎక్కారు. సాయంత్రానికి మూడో స్తంభం లోపల కేబుల్ బిగించిన చోట పగులు దొరికింది. లారీలకి తోడు వంతెన నిండా జనం బరువు పడుంటే ఏమయ్యేదో తలుచుకుని పురుషోత్తం స్వీటు పెట్టె మూసేశాడు.

మరమ్మతుకి రెండు నెలలు పట్టింది. ఈలోగా హైమవతి నాడికి కొత్త పాఠం చెప్పింది: పర్లేదన్న మాటలో దాగిన నొప్పి వినపడితే ఎర్రలైటు వెలిగించాలి. ఆసుపత్రికి వెళ్లడానికి మాత్రం తీరిక దొరకలేదు.

మళ్లీ రిబ్బను కట్టారు, మళ్లీ లారీలు నిలబెట్టారు. ఎలా ఉందని అడిగితే వంతెన గయ్యిమంది. "అబ్బబ్బ, కాళ్లు పీకేస్తున్నాయి. ఎంతసేపు నిలబెడతారు?"

ఇంత ఆరోగ్యంగా విసుక్కున్న వంతెన లోకంలో లేదని అందరూ పొంగిపోయారు. పురుషోత్తం ఆ సంబరంలోనే హైమవతి వైపు తిరిగాడు. "మీ ఒంట్లో ఎలా ఉంది మేడమ్? అలిసిపోయినట్టున్నారు."

"పర్లేదండి."

మైకు ఇంకా తెరిచే ఉంది. ఎర్రలైటు వెలిగింది.

ఇంజనీర్లందరూ కంగారుగా స్క్రీన్ల మీద పడి స్తంభాలన్నీ వెతకసాగారు. ఆవిడని దింపడానికొచ్చి అక్కడే ఉన్న సూర్యనారాయణరాజు ఒక్కడే లైటు వంకా భార్య వంకా చూసి, కారు తాళాలు తీశాడు.

మంత్రిగారు వచ్చేసరికి కత్తిరించడానికి రిబ్బను మిగల్లేదు. దాన్ని తెంపుకుని అప్పటికే ఒక కారు వంతెన నడిమికి వెళ్లిపోయింది. కిందనుంచి గోదారి గాలి కొడుతోంది. స్టీరింగు మీదనుంచి ఒక చెయ్యి తీసి ఆయన ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"ఎలా ఉంది హైమా?"

ఆవిడ అలవాటుగా నోరు తెరిచి, ఆగింది. చక్రాల కింద వంతెన సన్నగా సణుగుతోంది.

"నొప్పిగా ఉందండీ," అంది. "చాలా నొప్పిగా ఉంది."